గది రంగుకి ఫర్నిచర్, సామాన్లు కుదరాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా సోఫా కొన్నవాళ్లు, ఇంటికి రంగులు వేయించాలనుకుంటున్నవాళ్లు నన్ను అడిగేవి తిప్పి తిప్పి అవే ప్రశ్నలు. ప్రతి ఒక్కరికీ వేళ్లు నొప్పెట్టేలా ఫోన్లో టైప్ చేసే బదులు అన్నీ ఒకచోట రాసిపెడితే నాకూ సుఖం, అడిగేవాళ్లకీ సుఖం అనిపించింది. ప్రశ్నలు వాళ్లు అడిగిన మాటల్లోనే ఉంచాను. మొదటి నుంచీ చదవక్కర్లేదు, మీరు ఏ దశలో ఇరుక్కున్నారో నేరుగా అక్కడికి వెళ్లిపోండి. ఇందులో సగం నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే.

## ఇంకా ఏమీ కొనకముందు

ముందు గోడలకి రంగు వేయించాలా, ముందు సోఫా కొనాలా?

సోఫా. కనీసం దాని బట్ట ఏదో తేల్చుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే పెయింటింగ్ అయిపోతే తేలికని గోడలు కానిచ్చేసి, తర్వాత ఆ గోడకి కుదిరే సోఫా కోసం షాపుల చుట్టూ తిరుగుతారు. పెయింటు మీకు ఏ షేడ్ కావాలంటే ఆ షేడ్ మిషన్‌లో కలిపిస్తారు. నచ్చిన సోఫా మోడల్ మాత్రం పది పదిహేను రంగుల్లో దొరికితే గొప్ప, రగ్గయితే చాలాసార్లు ఉన్నది ఒక్క రంగే. దొరకడం కష్టమైనదాన్ని ముందు ఖాయం చేసుకుని, తేలిగ్గా మార్చగలిగేదాన్ని దానికి కుదర్చాలి. నేలని మార్చలేం కాబట్టి అన్నిటికన్నా ముందు లెక్కలోకి వచ్చేది ఫ్లోరింగ్ రంగు. ఆ తర్వాత పెద్ద ఫర్నిచర్, రగ్గు, కర్టెన్ బట్ట, అప్పుడు గోడ, చిట్టచివర కుషన్లూ లాంపులూ. అంటే సామానంతా ఇంట్లో దించాక పెయింటర్ని పిలవమని కాదు. సోఫా బట్ట ముక్క ఒకటి చేతిలో ఉంటే చాలు, సోఫా తర్వాత వచ్చినా ఫర్వాలేదు. అద్దె ఇంట్లో ఉండి గోడ ముట్టుకునే వీల్లేకపోతే ఆ గోడ కూడా మీకు నేలతో సమానమే, అక్కడి నుంచే మొదలుపెట్టండి.

60-30-10 రూల్ అంటారే, అది కచ్చితంగా పాటించాలా?

టేపు పెట్టి కొలిచే వ్యవహారం కాదు. గదిలోకి అడుగుపెట్టగానే కంటికి కనిపించేదాంట్లో సుమారు 60 శాతం ఒక రంగు (మామూలుగా గోడలు), 30 శాతం రెండో రంగు (సోఫా, కర్టెన్లు, రగ్గు), మిగతా 10 శాతం కొట్టొచ్చినట్టు కనిపించే రంగు. మూడు రంగులు సమానంగా నిలబడి పోట్లాడుకోకూడదు, అంతవరకే దాని ఉపయోగం. చిన్న గదిలో 80-20 పెట్టినా హాయిగా ఉంటుంది. జనం ఎక్కువగా బోల్తా పడేది ఆ 10 శాతం దగ్గర: పసుపు కుషన్ ఒకటి, ఎర్ర లాంప్ ఒకటి, టీల్ కుండీ ఒకటి, గులాబీ ఫ్రేమ్ ఒకటి. అప్పుడు ఏదీ కొట్టొచ్చినట్టు కనిపించదు, గది సంతలా ఉంటుంది.

నాకు రంగుల గురించి ఏమీ తెలీదు. కలర్ వీల్ చూసి ఎంచుకోవాలా?

చూస్తే నష్టం లేదు. రంగుల్ని చక్రంలా అమర్చడం కొత్తదేం కాదు, న్యూటన్ 1704లోనే అలా చూపించాడు. పక్కపక్కనున్న రంగులు పెడితే గది నెమ్మదిగా ఉంటుంది, ఎదురెదురు రంగులు పెడితే ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. ఇంట్లోకి పనికొచ్చే సంగతి ఏమిటంటే, చెక్క దాదాపుగా నారింజ కుటుంబానికి చెందింది, నారింజకి ఎదురుగా ఉండేది నీలం. అందుకే నీలం గోడ ముందు టేకు బల్ల పెడితే చెక్క మామూలు కన్నా ఎర్రగా కనిపిస్తుంది. మీకు ఆ వెచ్చదనం ఇష్టమైతే సరే, చెక్క ఎరుపు తగ్గి కనబడాలంటే నీలానికి దూరంగా ఉండండి.

చక్రం అర్థం కాకపోయినా ఏం మునిగిపోలేదు. నాలుగైదు రంగులున్న ఒక్క వస్తువు, అంటే రగ్గో ప్రింటు బట్టో పెయింటింగో, చూడగానే నచ్చినదాన్ని పట్టుకోండి. దాన్ని తయారుచేసినవాళ్లు రంగులు కలిపే కష్టం మీ బదులు పడిపోయారు. ప్రింటు బట్ట తానులో ఉన్నప్పుడు దాని పక్క అంచు తిరగేసి చూడండి, చాలా బట్టలకి అక్కడ చిన్న చిన్న గుండ్రటి చుక్కలు వరసగా ఉంటాయి. ఆ ప్రింటులో వాడిన ఒక్కో రంగుకీ ఒక్కో చుక్క. అద్దకంవాళ్లు వాళ్ల సౌకర్యం కోసం వేసుకున్నవే గానీ, మనకి అది రెడీమేడ్ షేడ్ కార్డు. ఆ అంచు ముక్క కత్తిరించి ఇమ్మని అడిగి పర్సులో పెట్టుకోండి. ఏ షాపుకెళ్లినా పక్కన పెట్టి చూసుకోవచ్చు.

అండర్‌టోన్ అంటే ఏమిటి? నాకు అన్ని గ్రేలూ ఒకేలా కనిపిస్తున్నాయి

ఒక్కో గ్రేని విడిగా చూస్తే ఎవరికైనా అలాగే కనిపిస్తాయి. నాలుగు గ్రే షేడ్లు పక్కపక్కన పెట్టి, వాటి కింద ప్రింటర్‌లో వాడే తెల్ల కాగితం పరవండి. అప్పుడు ఒకటి నీలంగా, ఒకటి ఆకుపచ్చగా, ఒకటి ఊదాగా, ఒకటి మట్టి రంగుగా బయటపడుతుంది. పై రంగు చాటున దాగి ఉండే ఆ ఛాయనే అండర్‌టోన్ అంటారు. క్రీమ్‌లోనూ అంతే, ఒకటి పసుపు వైపు వాలితే ఇంకొకటి గులాబీ వైపు వాలుతుంది, ఆ రెండూ ఒకే గదిలో పడ్డాయంటే ఒకటి మాసిపోయినట్టు ఉంటుంది. "రెండూ క్రీమే కదా, ఎందుకు కలవలేదు" అని అడిగేవాళ్ల ఇబ్బంది చాలావరకు ఇదే. మరో చిట్కా: షేడ్ కార్డులో మీకు నచ్చిన లేత రంగు ఉన్న వరసలోనే అన్నిటికన్నా ముదురు గడి చూడండి. చాలా కార్డుల్లో ఆ ముదురు గడిలో అసలు ఛాయ దాచుకోలేనంతగా కనిపిస్తుంది.

షాపులో అంత బాగున్న రంగు ఇంటికొచ్చాక వేరేగా ఎందుకు కనిపిస్తోంది?

రెండు కారణాలు: లైటు, ఇరుగుపొరుగు.

ఒక లైటు కింద అచ్చంగా కలిసిన రెండు రంగులు ఇంకో లైటు కిందకి రాగానే విడిపోవచ్చు, దీనికి మెటామెరిజం అని పేరు. షాపులో పసుపు లైట్లు, ఇంట్లో తెల్ల లైట్లు ఉంటే బట్ట మారినట్టే ఉంటుంది. ఇక ఇరుగుపొరుగు సంగతికి ఒక పాత కథ ఉంది. పారిస్‌లోని గోబెలిన్స్ నేత కార్ఖానాలో అద్దకం విభాగాన్ని షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త చూసేవాడు. నల్ల దారానికి రంగు సరిగ్గా పట్టడం లేదని ఫిర్యాదులొచ్చాయి. ఆయన పరీక్షించి చూస్తే అద్దకంలో లోపం లేదు, ఆ నలుపు పక్కన నేసిన రంగుల వల్లే అది వెలిసినట్టు కనబడుతోంది. 1839లో ఆయన దీని మీద పెద్ద గ్రంథమే అచ్చు వేశాడు. ఏ రంగైనా తన పొరుగు రంగుని తనకి ఎదురు రంగు వైపు తోస్తుందన్నది దాని సారం.

నా ఇంట్లో జరిగింది సరిగ్గా అదే. షాపులో చూసినప్పుడు పక్కా గ్రే సోఫా. ఇంట్లో పసుపు క్రీమ్ గోడకి ఆనించి, సాయంత్రం 6500కె (కె అంటే కెల్విన్, లైటు రంగు చెప్పే కొలత; అంకె పెరిగితే నీలం తెలుపు, తగ్గితే పసుపు) తెల్ల ట్యూబులైటు వేసేసరికి చేతులానించే దిమ్మల పక్కన, మడత పడ్డ చోటల్లా ఊదా రంగు తేలింది. పసుపుకి ఎదురు ఊదా కదా, గోడే దాన్ని అటు తోసింది. ఇంటికొచ్చిన మొదటి చుట్టం "లావెండర్ సోఫా బాగుంది" అనడంతో నా పని అయిపోయింది. షాపువాళ్ల తప్పేం లేదు, బట్ట ముక్క ఇంటికి తెచ్చి ఒక రాత్రి చూసుకోకపోవడం నా తప్పు. 3000కె బల్బులు మార్చాక సగం తగ్గింది, ఆ ఒక్క గోడకి పసుపు లేని తెలుపు వేశాక మిగతా సగం తగ్గింది.

## ఫర్నిచర్ ఎంచుకునేటప్పుడు

గదిలో చెక్క రంగులన్నీ ఒకేలా ఉండాలా? మా తలుపులు ఒక రంగు, టీవీ యూనిట్ ఒక రంగు

అక్కర్లేదు. కలిపే ప్రయత్నం చేసి కొద్దిలో తప్పిపోయినవే చూడ్డానికి ఇబ్బంది. టేకు తలుపు పక్కన టేకులా ఉండాలని వేయించిన లామినేట్ ఒక్క మెట్టు ఎర్రగా వచ్చిందనుకోండి, ఎవరు చూసినా తేడా కొట్టేది అక్కడే. అదే తలుపు పక్కన బాగా ముదురు వాల్‌నట్ చెక్కో, బాగా లేత ఓక్ చెక్కో ఉంటే కావాలని పెట్టినట్టుంటుంది. కాబట్టి పూర్తిగా కలిసిపోవాలి, లేదా స్పష్టంగా వేరుగా ఉండాలి, మధ్యలో ఆగకూడదు. రెండూ వెచ్చటి ఛాయలోనో, రెండూ చల్లటి ఛాయలోనో ఉంటే ముదురు లేత తేడా ఎంతున్నా సర్దుకుపోతాయి. ఒక చెక్క రంగు గదిలో ఒక్కచోటే ఒంటరిగా ఉంటే అతిథిలా ఉంటుంది, ఇంకోచోట చిన్న ఫ్రేములోనో స్టూలులోనో మళ్లీ కనిపిస్తే ఇంటి మనిషైపోతుంది.

ఇంకొకటి, అసలు చెక్క రంగు ఉన్నచోట ఉండదు. చెర్రీ ఏళ్లు గడిచేకొద్దీ ముదురుతుంది, వాల్‌నట్ వెలుతురుకి లేతబడుతుంది, ఆయిల్ బేస్డ్ వార్నిష్ పసుపుబారుతుంది. ఈ రోజు గీటు గీసినట్టు కలిపినా మూడేళ్లకి ఏది ఎటు పోతుందో చెప్పలేం. కొత్త చెక్క బల్ల మీద కుండీని నెలల తరబడి ఒకేచోట ఉంచకండి, తీసిన రోజున దాని అడుగు అచ్చు అలాగే ఉండిపోతుంది.

సోఫా గోడ రంగులోనే తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, చిన్న గదిలో అది మంచి ఉపాయం కూడా. పెద్ద సోఫా గోడలో కలిసిపోయి గది నిండినట్టు అనిపించదు. కాకపోతే అచ్చం అదే షేడ్ కోసం వెతికి టెన్షన్ పడొద్దు, బట్ట మీద రంగు, గోడ మీద రంగు ఎప్పటికీ ఒకటిగా కనిపించవు, ఎందుకంటే బట్ట నేతలో నీడలుంటాయి. ఒకటి రెండు మెట్లు ముదురుగా వెళ్లండి. అప్పుడు రగ్గు, కుషన్ల దగ్గర మాత్రం తేడా చూపించాలి, లేకపోతే సోఫా ఎక్కడుందో తడుముకోవాల్సి వస్తుంది.

అంతా సెట్‌గా కొనేస్తే గొడవే ఉండదు కదా?

ఉండదు. షోరూమ్‌లా కూడా ఉంటుంది. సోఫా, రెండు కుర్చీలు, టీపాయ్ నాలుగూ ఒకే సెట్‌లోవి అయితే కుర్చీల బట్ట ఒక్కటైనా మార్పించండి.

వార్డ్‌రోబ్ లామినేట్ చిన్న ముక్క చూసి ఎంచుకున్నాం, బిగించాక వేరేగా ఉంది

అరచేతంత ముక్కలో చెక్క గీతల డిజైను ఎంత దూరానికి మళ్లీ మళ్లీ వస్తుందో తెలీదు, ఎనిమిదడుగుల తలుపు మీద తెలుస్తుంది. ఇంకో పొరపాటు, ముక్కని బల్ల మీద పడుకోబెట్టి చూడటం. వార్డ్‌రోబ్ నిలువుగా ఉంటుంది కాబట్టి ముక్కని కూడా నిలువుగా, అది రాబోయే చోటే పట్టుకుని చూడాలి. అడ్డంగా ఉన్నదాని మీద పైనుంచి లైటు పడి లేతగా కనిపిస్తుంది, నిలబెడితే ముదురుతుంది. గ్లాసీ (అద్దంలా మెరిసే) ఫినిష్ అయితే దానికి సొంత రంగు సగమే, మిగతా సగం ఎదురుగా ఉన్న కర్టెన్‌ది. కనీసం ఒక అడుగు షీటు అడగండి, లేదా అదే షీటు వేసిన పెద్ద తలుపు ఎక్కడైనా ఉంటే వెళ్లి చూడండి.

పాత ఫర్నిచర్ కొత్త రంగులకి నప్పట్లేదు, తీసేయాలా?

ముందు దాని గట్టిదనం చూడండి. సోఫా ముందు కాలు ఒకటి పట్టుకుని జానెడు ఎత్తు లేపండి. రెండో ముందు కాలు కూడా దాంతోపాటు లేచిందా, ఫ్రేమ్ గట్టిది, బట్ట మార్పించుకుంటే కొత్త సోఫాయే. అది నేలనే ఉండి సోఫా మెలి తిరుగుతుంటే దాని మీద బట్ట ఖర్చు దండగ. అసలు చెక్కయితే పాత పాలిష్ గీకించి కొత్త పాలిష్ పెట్టించుకోవచ్చు. లేతగా ఉన్నదాన్ని ముదురు చేయడం తేలిక, ముదురుని లేత చేయడం చాలా పని. లామినేట్ మీద కూడా పెయింటు వేయొచ్చు గానీ సాండ్‌పేపర్‌తో మెరుపు పోగొట్టి, నున్నటి వాటికి అంటుకునే ప్రత్యేకమైన ప్రైమర్ వేశాకే. అది లేకుండా వేస్తే గోరు తగిలిన చోటల్లా ఊడొస్తుంది.

## గోడ రంగు తేల్చేటప్పుడు

షేడ్ కార్డులో లేతగా ఉంది, గోడంతా వేశాక ముదిరిపోయింది. పెయింటర్ తప్పు కలిపాడా?

బహుశా కాదు. బొటనవేలంత గడిలో చూసిన రంగు నాలుగు గోడల మీదకి వచ్చేసరికి ఒక గోడ వెలుగు ఇంకో గోడ మీద పడి, రంగు తన మీద తానే పడి చిక్కబడుతుంది. పసుపు, పచ్చ, గులాబీల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే కార్డులో నచ్చినదాని కన్నా ఒక మెట్టు లేతది, కాస్త బూడిద కలిసినట్టున్నది తీసుకుంటే గోడ మీద మీరు అనుకున్నది వస్తుంది.

అన్నిటికన్నా మంచిది శాంపిల్ డబ్బా కొనడం. రంగుని నేరుగా పాత గోడ మీద పూయకండి, చుట్టూ ఉన్న పాత రంగు కళ్లని మోసం చేస్తుంది. రెండడుగుల తెల్ల అట్ట మీద, చుట్టూ రెండంగుళాల తెల్ల అంచు వదిలి, రెండు కోట్లు వేసి ఆరనివ్వండి. ఆ అట్టని సోఫా వెనక, కిటికీ పక్కన, చీకటి మూల, ఇలా తిప్పుతూ పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు వేశాక చూడండి. రెండు రోజుల పని. తర్వాత చాలా ఏళ్లు ఆ గోడని మీరే చూడాలి.

ముదురు రంగు వేస్తే గది చిన్నదైపోతుందంటున్నారు, నిజమేనా?

సగం నిజం. రంగు ఎంత వెలుతురుని వెనక్కి పంపుతుందో చెప్పే అంకె ఒకటుంది, ఎల్ఆర్‌వీ అంటారు, 0 అంటే పూర్తి నలుపు, 100 అంటే పూర్తి తెలుపు. చాలా పెయింట్ కంపెనీలు షేడ్ వివరాల్లో ఈ అంకె ఇస్తాయి. అంకె తక్కువున్న రంగు వేస్తే అదే బల్బుకి గది మసగ్గా ఉంటుంది, అంటే లైట్లు పెంచాలి. కానీ చిన్నగా కనిపించడానికి అసలు కారణం గోడ, సీలింగ్, తలుపు ఫ్రేముల మధ్య గీత గీసినట్టు కనిపించే తేడా. ముదురు గోడ, దానికి తెల్లటి సీలింగ్ ఉంటే కన్ను గోడ ఎత్తుని అక్కడికక్కడే కొలిచేస్తుంది. పడగ్గది, చదువుకునే గది లాంటి చోట ముదురు రంగు నాకు చాలా ఇష్టం. ముదురు మీద గ్లాసీ మాత్రం వద్దు, పుట్టీలో ప్రతి ఎత్తుపల్లం లెక్కపెట్టుకోవచ్చు. మ్యాట్, అంటే మెరుపు లేనిది, వేయించండి.

మా గదికి ఒక్కటే కిటికీ, అదీ ఉత్తరం వైపు. ఏ రంగులు బాగుంటాయి?

భూమధ్యరేఖకి బాగా ఉత్తరాన ఉన్నచోట ఉత్తరం కిటికీకి నేరుగా ఎండ దాదాపు రాదు, ఎక్కువగా వచ్చేది ఆకాశపు వెలుతురు, అందులో నీలం పాలు ఎక్కువ. చల్లటి గ్రేలు ఆ గదిలో నీరసంగా కనిపిస్తాయి, పసుపు, గులాబీ, మట్టి ఛాయ ఉన్నవి నిలబడతాయి. దక్షిణ గోళంలో ఉంటే ఇదే మాట దక్షిణం కిటికీకి వర్తిస్తుంది. పడమటి గదుల్లో సాయంత్రం ఎండ నారింజగా పడుతుంది, అక్కడ పసుపు గోడ వేస్తే ఆ వేళకి మండిపోతుంది.

ఒక్క గోడకే వేరే రంగు వేస్తే బాగుంటుందా?

ఆ గోడకి ఒక పని ఉంటే బాగుంటుంది: మంచం తలవైపు, పుస్తకాల అర వెనక, అలా. ఖాళీ గోడ కదా అని వేస్తే మిగతా మూడింటికి రంగు చాలలేదేమో అనుకుంటారు.

## బట్టలు: కర్టెన్లు, రగ్గు, కుషన్లు

కర్టెన్లు గోడకి కలవాలా, సోఫాకి కలవాలా?

గది చిన్నదైతే గోడకి, ఒకటి రెండు మెట్లు ముదురుగా. గది పెద్దదై బోసిగా ఉంటే రగ్గులోనో కుషన్లలోనో ఉన్న ఒక రంగుకి. సోఫాకీ కర్టెన్లకీ ఒకే బట్ట మాత్రం వాడకండి, సోఫా లేచి కిటికీకి వేలాడినట్టుంటుంది. రంగు కన్నా కొలతలోనే ఎక్కువమంది తప్పు చేస్తున్నారు. కర్టెన్ బట్ట మొత్తం వెడల్పు రాడ్డు పొడవుకి రెట్టింపు నుంచి రెండున్నర రెట్లు ఉండాలి, అప్పుడే మడతలు పడి రంగు నిండుగా కనిపిస్తుంది. రాడ్డు కిటికీ ఫ్రేముకి 10–15 సెంటీమీటర్లు పైన, రెండు వైపులా ఓ 20 సెంటీమీటర్లు బయటికి వస్తే కర్టెన్ తెరిచినప్పుడు కిటికీ మూసుకుపోదు. శాంపిల్ బట్టని కిటికీ అద్దానికి పెట్టి, వెనక నుంచి వెలుతురు పడేలా ఒకసారి చూడండి. చేతిలో క్రీమ్‌గా ఉన్నది అక్కడ పసుపో గులాబీయో అవుతుంది.

రగ్గు రంగు నచ్చింది, సైజు చిన్నదైనా ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. టీపాయ్ కిందే ఆగిపోయిన రగ్గు ఎంత మంచి రంగైనా తేలుతున్న పడవలా ఉంటుంది. కనీసం సోఫా, కుర్చీల ముందు కాళ్లు దాని మీద ఉండాలి, సోఫాకి రెండు పక్కలా 15–20 సెంటీమీటర్లు బయటికి రావాలి. కొనేముందు నేల మీద పాత దుప్పటి మడిచి ఆ కొలతకి పరిచి ఒక పూట అటూ ఇటూ తిరగండి. డబ్బు చాలకపోతే సాదా పెద్ద రగ్గు కింద వేసి, మీకు నచ్చిన చిన్నది దాని మీద వేసుకోవచ్చు.

కుషన్లు ఎన్ని పెట్టాలి? ప్రింట్లు కలపొచ్చా?

ముగ్గురు కూర్చునే సోఫాకి మూడు నుంచి ఐదు. మనుషులు కూర్చోవడానికి చోటుండాలి కదా! ప్రింట్ల విషయంలో సైజు తేడా చూసుకుంటే రంగు తనే సర్దుకుంటుంది: పెద్ద పూలది ఒకటి, సన్న గీతలదో చుక్కలదో ఒకటి, సాదాది ఒకటి, మూడింట్లోనూ ఏదో ఒక రంగు పంచుకోవాలి. ఒకే సైజు పూలున్న రెండు ప్రింట్లు పక్కపక్కన పెడితే కళ్లు తిరుగుతాయి. కవర్లు కొన్నిసార్లు ఉతుకులకి వెలుస్తాయి, కాబట్టి జతలో రెండూ కలిపే ఉతకండి. ఒకటి ఉతికి ఒకటి ఉతక్కపోతే ఆర్నెల్లలో రెండు రంగులవుతాయి. కవరు జిప్పు తీసి లోపలి కుట్టు దగ్గర చూడండి, కొన్నప్పటి రంగు అక్కడ కనిపిస్తుంది.

అదే రంగు బట్ట మళ్లీ తెప్పిస్తే కొంచెం తేడా వచ్చింది, ఎందుకు?

అద్దకం విడతలవారీగా జరుగుతుంది, ఒక విడత రంగు ఇంకో విడతతో అచ్చంగా కలవదు. కర్టెన్లకి, సోఫాకి కావాల్సిన మొత్తం మీటర్లు ఒకేసారి, ఒకే తానులోంచి తీసుకోండి, ఒక మీటరు ఎక్కువే తీసి దాచండి. ఇప్పటికే తేడా వచ్చిన బట్టని అదే కిటికీ మీద వాడొద్దు, వేరే గోడకున్న కిటికీకి వేస్తే ఎవరూ కనిపెట్టలేరు.

కిటికీ పక్క సోఫా వెలిసిపోతోంది, ఏం చేయాలి?

మామూలు కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాల్ని పూర్తిగా ఆపదు, పైగా కంటికి కనిపించే వెలుతురు, వేడి కూడా రంగుని తింటాయి. యూవీ ఫిల్మ్ అతికిస్తే నెమ్మదిస్తుంది, ఆగిపోదు. ఎండ సోఫా మీద పడే వేళకి పల్చటి కర్టెన్ అయినా లాగండి. సీటు కుషన్లు తీసి స్థానాలు మారుస్తూ ఉండండి, వెలిసినా సమానంగా వెలుస్తాయి.

## లైట్లు, చిన్న సామాన్లు

ఏ బల్బు కొనాలి? వార్మ్ వైటా, కూల్ డేలైటా?

కూర్చునే గదికి, పడగ్గదికి 2700కె నుంచి 3000కె. పని చేసుకునే చోటికి 4000కె. 6500కె నీలం తెలుపు, చెక్క, క్రీమ్, తుప్పు రంగు లాంటి వెచ్చటివన్నీ దాని కింద పాలిపోతాయి. ఏదెంచుకున్నా ఒక గదిలో అన్నీ ఒకటే ఉండాలి, సీలింగ్‌లో 6500 వేసి టేబుల్ లాంప్‌లో 2700 పెడితే ఒకే గోడ రెండు రంగులుగా ఉంటుంది. డబ్బా మీద సీఆర్‌ఐ అనే అంకె కూడా చూడండి, 100కి ఎంత దగ్గరగా ఉంటే రంగులు అంత నిజంగా కనిపిస్తాయి. 80 మామూలు, 90 దాటితే ఎర్రలు, గోధుమలు ప్రాణం పోసుకుంటాయి.

హ్యాండిళ్లు, కర్టెన్ రాడ్, లాంప్ అన్నీ ఒకే మెటల్ ఉండాలా?

రెండు రకాలు హాయిగా కలపొచ్చు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఉండాలి. ఇత్తడి రంగు ఎక్కువుంటే నల్లటిది తోడు పెట్టుకోవడం అన్నిటికన్నా తేలిక.

అంతా తెలుపు, బేజ్‌లోనే పెట్టాం. బాగానే ఉంది కానీ హాస్పిటల్‌లా ఉంది

రంగు తక్కువున్నప్పుడు ఆ పని గరుకుదనం చేయాలి. నున్నటి గోడ, నున్నటి టైల్, నున్నటి సోఫా ఉంటే కన్ను జారిపోతుంది. ముతక నేత రగ్గు, లినెన్ కర్టెన్, అల్లిక బుట్ట, చెక్క గీతలు కనిపించే స్టూలు, వీటిలో రెండు వచ్చినా తేడా తెలుస్తుంది. దాంతోపాటు ఎక్కడో ఒకచోట కొంచెం నలుపు కావాలి: సన్నటి ఫోటో ఫ్రేమో, లాంప్ కాడో. ముదురు చుక్క ఒకటి పడగానే మిగతా లేత రంగులు తేటపడతాయి. ఒక ఆకుపచ్చ మొక్క కూడా ఏ రంగుల గదిలోనైనా ఇమిడిపోతుంది.

సోఫా పైన ఫోటో ఎంత ఎత్తులో పెట్టాలి?

ఫ్రేము అడుగు సోఫా వీపు నుంచి 15–20 సెంటీమీటర్లు. వెడల్పు సోఫాలో మూడింట రెండు వంతులు. ఖాళీ గోడ మీదైతే బొమ్మ మధ్యభాగం నేల నుంచి 145–150 సెంటీమీటర్లు, అంటే సుమారుగా నిలబడ్డ మనిషి కంటి ఎత్తు. అంతకన్నా పైకి వెళ్తే కింద ఉన్న సామాన్లతో సంబంధం తెగిపోతుంది, అప్పుడు ఫ్రేములో ఏ రంగున్నా సోఫాకి కుదిరినట్టు అనిపించదు.

## అంతా అయ్యాక కుదరనప్పుడు

ఏదో తేడాగా ఉంది, ఏదో చెప్పలేకపోతున్నాను

గుమ్మంలో నిలబడి పగటిపూట గది ఫోటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. అంతా ఒకే బూడిదలా కలిసిపోయిందా, ముదురు లేత తేడా చాలట్లేదు, రంగులు మార్చినా లాభం లేదు, ఒక ముదురు రగ్గో తెల్లటి లాంపో కావాలి. ఒక్క మూలే నల్లగా బరువుగా ఉందా, ఆ ముదురు వస్తువుకి ఎదురు మూలలో ఇంకోటి తోడు పెట్టండి. బ్లాక్ అండ్ వైట్‌లో చక్కగా ఉండి రంగులో తేడాగా ఉంటే అప్పుడు అండర్‌టోన్ల గొడవ: చిన్న సామాన్లన్నీ బయటపెట్టి, ఒక్కొక్కటే లోపలికి తెస్తుంటే ఏది అడుగుపెట్టగానే గది చెడిందో తెలిసిపోతుంది. మా ఇంట్లో ఇలా దొరికిన దొంగ ఒక గోడ గడియారం. ఫోన్ కెమెరా రంగుల్ని తనకి తోచినట్టు సర్దేస్తుంది కాబట్టి ముదురు లేత తేడాకే ఫోటోని నమ్మండి, షేడ్ నిర్ణయానికి కాదు.

సోఫా రంగు అస్సలు నచ్చట్లేదు, ఇప్పుడు మార్చే స్తోమత లేదు

దాన్ని దాచాలని చూస్తే ఇంకా కనిపిస్తుంది. ఉదాహరణకి మెరూన్ సోఫా విసుగొస్తే దానికి ఎదురు రంగైన ఆకుపచ్చ కుషన్లు పెట్టకండి, ఎరుపు రెచ్చిపోతుంది. దాని పక్క రంగులు, అంటే ఇటుక రంగు, గోధుమ, మసక గులాబీ తెచ్చి చుట్టూ చేర్చండి, మంటలో అది కూడా ఒక నిప్పురవ్వ అయి గుంపులో కలిసిపోతుంది. సీటు, వీపు కప్పేలా పెద్ద దుప్పటి మడిచి వేస్తే కనిపించే రంగు సగానికి తగ్గుతుంది. తర్వాత గోడ. గోడని సోఫా రంగుకి బూడిద కలిపిన లేత వర్షన్‌లోకి మార్చడం కొత్త సోఫా కొనడం కన్నా చాలా తక్కువలో అయిపోతుంది.

ఇంట్లో ఇద్దరికీ ఒక్క రంగూ కుదరట్లేదు, తను నీలం అంటారు, నాకు పసుపు కావాలి

ఇద్దరి రంగుల్నీ గోడ మీదకి రానివ్వకండి. గోడ, సోఫా ఎవరికీ పట్టింపు లేని రంగులో కానిచ్చి, నీలం, పసుపు రెండూ ఉన్న ప్రింటు కోసం ఇద్దరూ కలిసి వెతకండి, అలాంటివి బోలెడు దొరుకుతాయి. అందులో నీలం ఎక్కువుంటే కుషన్లు పసుపు, పసుపు ఎక్కువుంటే కుషన్లు నీలం. మా ఇంట్లో పసుపు ఓడిపోయింది. లాంప్ షేడ్ ఒక్కటి దక్కింది, రాత్రి వెలిగించినప్పుడు మాత్రం గదంతా దానిదే.